జానెడు నేల, ఏడు భూముల భారం

సమస్త స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే ఈ నేలను మన కొరకు పరిచాడు, అందులో మన జీవనోపాధిని అమర్చాడు, ఆకాశాన్ని ఎత్తి త్రాసును నెలకొల్పాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! అల్లాహ్‌కు భయపడవలసిందిగా ముందు నాకూ, ఆ తరువాత మీకూ ఉపదేశిస్తున్నాను. తఖ్వా అనేది మస్జిదులో మాత్రమే ఉండే గుణం కాదు. అది మనతో పాటు పొలం గట్టు మీదికి రావాలి, రిజిస్ట్రారు కార్యాలయంలోకి రావాలి, తండ్రి ఆస్తిని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకునే అరుగు మీదికీ రావాలి. ఈనాటి ప్రసంగాంశం భూమి కొలత. ఇది సర్వేయరుకు, కరణానికి సంబంధించిన విషయమేగాని దీనికీ ధర్మానికీ సంబంధమేమిటని కొందరు అనుకోవచ్చు. దివ్య ఖుర్ఆన్‌లో ‘అల్ ముతఫ్ఫిఫీన్’ అనే సూరా ఉన్నది. ఆ పేరుకు అర్థమే కొలతల్లో తగ్గించేవారు అని. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ఆ సూరా హెచ్చరికతోనే ఆరంభమవుతుంది. ప్రవక్త షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలకు ఏకదైవారాధనతో పాటు బోధించిన మొదటి విషయం కొలతల్లో, తూనికల్లో న్యాయమే. ధాన్యపు కుంచానికి వర్తించే ఆ న్యాయం భూమిని కొలిచే గొలుసుకు వర్తించదా?

సోదరులారా! అన్యాయంగా ఒక జానెడు నేలను ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల లోతు వరకూ ఆ నేలను హారంగా తగిలించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఎకరం అనలేదు, సెంటు అనలేదు. జానెడు అన్నారు. జానెడు నేల ఏపాటిది, దానికి ఇంత శిక్షా అని ఎవరికైనా అనిపిస్తే, ఒక్కసారి లెక్క వేసి చూడండి.

మన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. దానిలో 100 లింకులు ఉంటాయి. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు గల నేల ఒక ఎకరం. ఎకరానికి 100 సెంట్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు, అనగా 435.6 చదరపు అడుగులు. ఇప్పుడు పది గొలుసుల పొడవున, అంటే 660 అడుగుల మేర, ఒక గట్టు ఉన్నదనుకోండి. మనం గెనిమ అనేది దానినే. ఆ గెనిమను ఈ కొస నుండి ఆ కొస దాకా జానెడు, అనగా తొమ్మిది అంగుళాలు, పక్కకు జరిపితే కలిసివచ్చే నేల 495 చదరపు అడుగులు. అది ఒక సెంటు కన్నా ఎక్కువ. ఇటీవలి సంవత్సరాలలో పట్టణాలలో నిరుపేద కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం ఒక సెంటు. పొరుగువాని గెనిమను జానెడు జరిపినవాడు ఒక పేద కుటుంబం ఇల్లు కట్టుకోగల నేలను మింగాడన్న మాట.

ఆ పని ఎవరూ ఒక్క రోజులో చేయరు. అందుకే అది పాపమన్న స్పృహ కూడా కలగదు. దుక్కి దున్నేటప్పుడు మడక సాలు గెనిమను కాస్త ఒరుసుకుని పోతుంది. ఈ ఏడు మూడు అంగుళాలు, మరుసటి ఏడు మరో మూడు అంగుళాలు. ఎనిమిదేళ్ళకు రెండు అడుగులు. అదే 660 అడుగుల గట్టు మీద అది మూడు సెంట్లు దాటుతుంది. ఈనాడు ట్రాక్టరు నాగలి ఆ పనిని ఇంకా త్వరగా చేస్తుంది. దున్నినవాడు కూలివాడు కావచ్చు. అయినా చేనుగలవాడు చూస్తూ ఊరకున్నాడు, పంట కోసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మూడు సెంట్లలో పండిన శనగలు, కందులు ఎవరి సొమ్ము? వాటిని తిన్న బిడ్డల దేహంలో పెరిగినది హలాలా, హరామా?

ఈ హదీసును ఉల్లేఖించినవారిలో హజ్రత్ సఈద్ బిన్ జైద్ (రజి) ఒకరు. వీరు స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. అర్వా అనే స్త్రీ తన భూమిలో కొంత భాగాన్ని వీరు ఆక్రమించారని మదీనా పాలకుడైన మర్వాన్ ఎదుట ఫిర్యాదు చేసింది. జానెడు నేల గురించి ప్రవక్త (స) నోట స్వయంగా విన్న తరువాత తాను ఆ పని ఎలా చేయగలనని వారు బదులిచ్చారు. వేరే సాక్ష్యం అవసరం లేదని మర్వాన్ అన్నాడు. సఈద్ (రజి) ఆ నేలను ఆమెకే వదిలివేశారు. ఆమె అబద్ధమాడి ఉంటే ఆమె చూపు పోవాలనీ, ఆ నేలలోనే ఆమె మరణించాలనీ అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆమె చివరి రోజుల్లో చూపు కోల్పోయి, గోడలు తడుముకుంటూ తిరిగి, ఆ నేలలోని గోతిలోనే పడి మరణించిందని ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఇందులో గమనించవలసినవి రెండు. ఒకటి: న్యాయం తన పక్షాన ఉండి కూడా ఒక సహచరుడు నేలను వదులుకోగలిగారు, అపవాదును మాత్రం భరించలేకపోయారు. రెండు: ఆక్రమించడం ఎంతటి పాపమో, ఆక్రమించారని అబద్ధపు ఫిర్యాదు చేయడం కూడా అంతటి పాపమే. పొరుగువానిని విసిగించి దారికి తెచ్చుకోవడానికి తప్పుడు పిటిషన్లు పెట్టేవారు ఈ రెండవ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

హద్దు రాళ్ళను మార్చినవానిని అల్లాహ్ శపించాడని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన హదీసు కూడా ముస్లింలో ఉన్నది. తల్లిదండ్రులను దూషించేవాడు, అల్లాహ్‌కు కాక ఇతరులకు బలి ఇచ్చేవాడు ఏ వరుసలో ఉన్నారో, హద్దు గుర్తులను మార్చేవాడు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. మన ప్రాంతంలో రాతికి కొదువ లేదు. బేతంచెర్ల నాపరాయి, కడప బండలు దేశమంతటికీ వెళ్తాయి. మన చేల చుట్టూ పాతినవి కూడా ఆ బండలే. ఒక్క రాయిని రాత్రివేళ పెకలించి రెండడుగుల అవతల పాతడం మనిషికి అరగంట పని. కాని అది శాపగ్రస్తుల జాబితాలో తన పేరును తానే వ్రాసుకునే పని.

ధర్మ సోదరులారా! భూమిని కొలవడం ముస్లింలకు కొత్త విద్య కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఇరాక్ సవాద్ ప్రాంతం ఇస్లామీ రాజ్యంలో చేరినప్పుడు, ఆ భూములను కొలిపించడానికి వారు హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్, హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి)లను నియమించారు. ఆ సర్వేలో మూడు కోట్ల అరవై లక్షల జరీబుల నేల తేలిందని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఉర్దూలో సర్వే గొలుసును నేటికీ ‘జరీబ్’ అనే అంటారు. ఉమర్ (రజి) అమరులయ్యే కొద్ది రోజుల ముందు ఆ ఇద్దరినీ నిలబెట్టి, నేల మోయలేని భారాన్ని దానిపై మోపలేదు కదా అని గుచ్చిగుచ్చి అడిగారు. ఈ సంఘటన బుఖారీలో ఉన్నది. భూమిని కొలవడంతో పాలకుని బాధ్యత తీరిపోలేదు. ఆ కొలత వల్ల ఎవరికైనా అన్యాయం జరిగిందా అన్న చింత ఆయనను చివరి దినాల వరకూ వదలలేదు.

తొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో బాగ్దాదులో నివసించిన అల్ ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్’ గ్రంథాన్ని రచించారు. ప్రపంచమంతటా బడిపిల్లలు చదువుకునే ఆల్జీబ్రాకు ఆ పేరు వచ్చినది అక్కడి నుండే. ప్రజలకు వారసత్వపు పంపకాలలో, వ్యాజ్యాలలో, వ్యాపారంలో, భూమి కొలతలో, కాలువల త్రవ్వకంలో ఉపయోగపడడమే తన గ్రంథ లక్ష్యమని ఆయన పీఠికలో పేర్కొన్నారు. అందులో క్షేత్రాల కొలతకు ఒక అధ్యాయాన్ని, వారసత్వ భాగాలకు ఒక పెద్ద భాగాన్ని కేటాయించారు. అల్లాహ్ నిర్ణయించిన భాగాన్ని హక్కుదారునికి ఖచ్చితంగా చేర్చాలన్న తపనకూ ఆ గణితానికీ దగ్గరి సంబంధం ఉన్నది.

మన నేల సంగతి చూడండి. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసి, చేను చేనునూ కొలిపించాడు. ఆ సర్వేలో వాడిన గొలుసు 33 అడుగులు. ఆ గొలుసు పొడవున నాలుగు పక్కలూ గల చతురస్రం 121 చదరపు గజాలు. అటువంటివి నలభై కలిస్తే ఎకరం. తెలంగాణలో గుంట అనే కొలత నేటికీ అదే. కర్నూలు మాత్రం 1839 వరకూ నవాబుల ఏలుబడిలోనే ఉన్నది. మన్రో 1827లో కర్నూలు జిల్లాలోని నేటి పత్తికొండలో కలరాతో మరణించాడు. పాలకులు మారారు, గొలుసులు మారాయి. 1984లో గ్రామ కరణాల వ్యవస్థ రద్దయింది. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల పునఃసర్వే మొదలై, గొలుసు స్థానంలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వచ్చాయి. నేల మాత్రం ఉన్నచోటనే ఉన్నది. దాని మీద జరిగినదంతా ఆ దినాన అది తన ప్రభువు ఆజ్ఞ మేరకు చెబుతుందని ‘జిల్‌జాల్’ సూరా మనకు తెలియజేస్తున్నది. ఏ రికార్డు మారినా ఆ సాక్ష్యం మారదు.

సోదరులారా! కొలతలో మోసం గట్టు జరపడంతోనే ముగియదు. భూమి అమ్మకాలలో ఒక దోషం మన పల్లెల్లో ఎంత మామూలైపోయిందంటే, అది దోషమని చాలామందికి తెలియదు. వంకర టింకరగా ఉన్న స్థలానికి ఎదురెదురు భుజాలను కూడి, సగం చేసి, ఆ రెండు సగటులనూ గుణించి విస్తీర్ణం చెబుతారు. మూలలన్నీ సరిగా ఉన్న స్థలానికి ఈ లెక్క సరిపోతుంది. మూలలు వంగిన స్థలానికి ఈ లెక్క ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే చూపుతుంది. ఉదాహరణకు, నాలుగు భుజాలూ వంద అడుగులే ఉన్న ఒక స్థలంలో ఒక మూల నుండి ఎదురు మూలకు 120 అడుగులు, రెండవ మూల నుండి దాని ఎదురు మూలకు 160 అడుగులు ఉన్నదనుకోండి. భుజాల లెక్క ప్రకారం అది పదివేల చదరపు అడుగులు, అంటే దాదాపు 23 సెంట్లు. అసలు విస్తీర్ణం 9,600 చదరపు అడుగులే, అంటే సుమారు 22 సెంట్లు. కొనేవాడు లేని సెంటుకు డబ్బు చెల్లించాడు. మూల నుండి మూలకు గొలుసు లాగి, స్థలాన్ని రెండు త్రిభుజాలుగా విడగొట్టి కొలిస్తే ఈ దోషం బయటపడుతుంది. ఇటువంటి సమచతుర్భుజాన్ని మూల కొలతలతో లెక్కించే పద్ధతి అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలోనూ ఉన్నది. ఈ సంగతి తెలిసి కూడా అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం వ్యాపార నేర్పు కాదు, మోసం. వస్తువులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని మన ధర్మం నిషేధించింది.

గొలుసులో కూడా అమానతు ఉన్నది. వాడి వాడి కడియాలు సాగిన గొలుసు ఉన్న నేలను తక్కువగా చూపి అమ్మేవానికి నష్టం చేస్తుంది. ముడిపడిన గొలుసు, వదులుగా లాగిన టేపు నేలను ఎక్కువగా చూపి కొనేవానికి నష్టం చేస్తాయి. అందుచేత కొలిచేవాడు ఇరుపక్షాల వారూ చూస్తుండగా కొలవాలి. కొలిచేవానికి ఒక పక్షం రహస్యంగా ముట్టజెప్పే సొమ్ము లంచమే, దానికి ఖర్చులని పేరు పెట్టినంత మాత్రాన హలాల్ కాదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ శాపానికి గురవుతారని ప్రవక్త (స) హెచ్చరించారు.

ఇక దస్తావేజు సంగతి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు ‘బఖరా’ సూరాలోని 282వ ఆయతు. అది అప్పులను, లావాదేవీలను వ్రాతపూర్వకంగా ఉంచుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ బోధిస్తుంది. భూమి దస్తావేజులో విస్తీర్ణం ఒక ఎత్తు, చెక్కుబందీ మరొక ఎత్తు. తూర్పున ఎవరి చేను, పడమర ఏ డొంక, ఉత్తరాన ఏ వంక, దక్షిణాన ఏ బాట అన్న వివరణే రేపు తగవు వచ్చినప్పుడు మాట్లాడుతుంది. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమిస్తాయి. కనుక చెక్కుబందీలో ప్రభుత్వ వంకను తన చేనుగా వ్రాయించేవాడు, బాటను వ్రాయకుండా వదిలివేసేవాడు, చనిపోయిన వ్యక్తి పేరునే హద్దుగా ఉంచి వారసులను అయోమయంలో పడవేసేవాడు, వీరంతా కలంతో గట్టు జరుపుతున్నవారే.

బాట మాటకు వస్తే, దారి వెడల్పు విషయంలో వివాదం వచ్చినప్పుడు దానిని ఏడు మూరలు ఉంచమని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. మూర ఒకటిన్నర అడుగు అనుకుంటే అది పదిన్నర అడుగులు. బరువుతో ఉన్న ఒంటె పోవడానికి చాలినంత దారి అది. మన పల్లెల్లో బండి బాటలను ఇరువైపుల నుండీ దున్ని సన్నని కాలిబాట చేసినవారు, లోపలి చేను రైతు తన వేరుశనగ కట్టెను బయటకు తీసుకురాలేక ఏడ్చేలా చేసినవారు ఈ తీర్పు గురించి ఆలోచించాలి. ఇల్లు కట్టేవారు కూడా మెట్లను, అరుగులను వీధిలోకి పెంచి, జనాజా మోసుకుపోవడానికి కూడా చోటు లేకుండా చేస్తున్నారు. రేపు ఆ ఇంటి నుండే ఒక జనాజా బయలుదేరవలసి ఉన్నదని మరువకూడదు.

ధర్మ సోదరులారా! భూమి కొలతలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఏ గొలుసుతోనూ జరగడం లేదు. అది ఆడబిడ్డల భాగాన్ని అసలు కొలవకుండానే జరుగుతున్నది. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదలి వెళ్ళిన ఆస్తిలో పురుషులకు భాగం ఉన్నట్లే స్త్రీలకూ భాగం ఉన్నదనీ, ఆ ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా ఆ భాగం నిర్ణీతమైనదేననీ ‘నిసా’ సూరా ఏడవ ఆయతు విధిస్తున్నది. కొంచెమైనా అన్న మాటను గమనించండి. ఉన్నదే రెండెకరాల మెట్ట, అందులో చెల్లెలికేమిస్తాం అనే సాకుకు అక్కడే సమాధానం ఉన్నది.

ఒక లెక్క చెబుతాను. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను వదలి మరణించాడు. అప్పులు, చెల్లించని మహర్, ధర్మసమ్మతమైన వీలునామా తీరిన తరువాత ఎనిమిది ఎకరాలు మిగిలినది. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడెకరాలు ఐదు భాగాలు. కుమార్తెకు ఒక భాగం, అది ఎకరా నలభై సెంట్లు. కుమారులకు ఒక్కొక్కరికి రెండు భాగాలు, అవి రెండెకరాల ఎనభై సెంట్లు. కాగితం మీద ఇది ఐదు నిమిషాల పని. మరి ఎన్ని ఇళ్ళల్లో ఆ ఎకరా నలభై సెంట్లు ఆ ఆడబిడ్డ పేరున పాసు పుస్తకంలోకి ఎక్కాయి? పండుగకు ఒక చీర పెట్టి, పుట్టింటి ఆదరణ ఆశ చూపి, విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం దానమా, దోపిడీయా? తన భాగం ఎంతో తెలుసుకుని, అది తన చేతికి వచ్చిన తరువాత, ఏ ఒత్తిడీ లేకుండా, మనఃపూర్వకంగా ఇచ్చినదే దానం.

చట్టం కూడా మనకు సాకు మిగల్చలేదు. 1937 నాటి షరీఅత్ చట్టం తొలుత సాగుభూమిని మినహాయించినది. 1949లో మద్రాసు రాష్ట్రం చేసిన సవరణ ఆ మినహాయింపును తొలగించినది. అప్పుడు కర్నూలు, కడప జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. ఇంటికి వర్తించే షరీఅత్ చేనుకు కూడా వర్తిస్తుంది. ఇతరులు మన షరీఅత్‌ను గౌరవించాలని కోరే మనం, మన అక్కచెల్లెళ్ళ విషయంలో దానిని అమలు చేయకపోతే ఆ కోరికకు ఏమి విలువ ఉంటుంది?

పంపకంలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. సమానమైన ఎకరాలు సమానమైన విలువ కావు. కర్నూలు కడప కాలువ పారే నల్లరేగడి ఎకరమూ, గుట్ట పాదాన రాళ్ళు తేలిన ఎర్రనేల ఎకరమూ ఒకటి కావు. బోరు ఉన్న కయ్యను అన్న ఉంచుకుని, కంపచెట్ల గడ్డను తమ్మునికి, చెల్లెలికి కొలిచి ఇస్తే గొలుసు సరిపోతుంది, న్యాయం సరిపోదు. వారసత్వపు ఆస్తి గురించి సాక్ష్యాలు లేక తగవుపడి వచ్చిన ఇద్దరు వ్యక్తులకు ప్రవక్త (స) చేసిన బోధను అబూ దావూద్ గ్రంథంలో చూస్తాము. తానూ మనిషినేననీ, వాక్చాతుర్యం గలవాని మాటను బట్టి తాను ఒకరి హక్కును మరొకరికి ఇప్పిస్తే, అది అతనికి నిప్పుముక్కను కోసి ఇచ్చినట్లేననీ వారు హెచ్చరించారు. ఆ మాట విన్న ఇద్దరూ ఏడ్చి, నా హక్కు నీదేనని ఒకరితో ఒకరు అన్నారు. అప్పుడు ప్రవక్త (స) న్యాయంగా భాగాలు చేసుకోమని, చీట్లు వేసుకోమని, ఆపై ఒకరినొకరు క్షమించుకోమని ఉపదేశించారు.

దీని నుండి మనకు తెలిసేదేమిటి? న్యాయస్థానపు తీర్పు హరామ్‌ను హలాల్ చేయదు. ప్రవక్త (స) తీర్పే అన్యాయంగా పొందినవానికి నిప్పుముక్క అయినప్పుడు, మంచి వకీలును పెట్టుకుని, అబద్ధపు అడంగల్ చూపించి గెలిచిన వ్యాజ్యం ఏమవుతుంది? మన సీమలో గట్టు తగాదాలు తరాలను మింగిన సంగతి పెద్దలకు తెలుసు. రెండు సెంట్ల కొరకు ఇరవై సెంట్ల ఖరీదు కోర్టులకు పోసినవారున్నారు. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడి, సలాం తిప్పిన తరువాత ముఖాలు తిప్పుకునే అన్నదమ్ములున్నారు. ఇద్దరు సోదరుల మధ్య పగ ఉన్నంతవరకూ వారి క్షమాపణ నిలిపివేయబడుతుందని హదీసు తెలుపుతున్నది. ఆ రెండు సెంట్లు అంతటి ఖరీదు చేస్తాయా?

నేను చెప్పిన ఈ మాటలతో ముగిస్తూ, నా కొరకూ మీ కొరకూ సమస్త ముస్లింల కొరకూ అల్లాహ్ క్షమాపణను వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స) పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! ప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు మస్జిదె నబవీ కట్టిన స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. అది ఖర్జూరాలు ఆరబెట్టే కళ్ళం. ఆ పిల్లలు దానిని ఉచితంగా ఇస్తామన్నారు. ప్రవక్త (స) అంగీకరించక, ఖరీదు చెల్లించే తీసుకున్నారు. అల్లాహ్ గృహం కొరకైనా అనాథల నేలను ఊరికే తీసుకోని ప్రవక్తకు మనం అనుచరులం. మస్జిదుకు, మదర్సాకు కూడా ఇతరుల అడుగు నేల కలుపుకోవడానికి మనకు అనుమతి లేదు. అదే విధంగా, వక్ఫ్ చేసిన నేలలో అడుగు కూడా మన సొంతం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తమ భూమిని వక్ఫ్ చేసినప్పుడు, దానిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు అన్న షరతులు పెట్టారు. ఖబరస్తాన్ గోడ దాటి ఇంటి వరండా కట్టేవాడు, ఈద్‌గాహ్ మాన్యాన్ని తక్కువ కౌలుకు తన వారికే కట్టబెట్టే ముతవల్లీ పొరుగువాని నేలనే కాదు, మృతుల హక్కును, పేదల హక్కును తింటున్నారు. మన ఖబరస్తాన్లకు, ఈద్‌గాహ్‌లకు సరైన కొలత, హద్దు రాళ్ళు, రికార్డులో సరైన పేరు ఉన్నాయో లేదో చూసుకోవడం జమాఅతు పెద్దల బాధ్యత.

ఇప్పుడు చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. మీ గ్రామంలో సర్వే జరిగేటప్పుడు నోటీసు అందిన రోజున తప్పక హాజరు కండి. పొరుగు రైతు వలస పోయి ఉంటే అతనికి ఫోను చేసి కబురు చేయండి, అతను లేని సమయం మనకు కలిసివచ్చిందనుకోకండి. మీ తండ్రి చూపిన నిజమైన హద్దునే చూపండి. కొత్త కొలతలో మీకు విస్తీర్ణం పెరిగితే సంతోషించే ముందు అది ఎవరిది తగ్గినదో విచారించండి. తగ్గితే ఆవేశపడకుండా చట్టం ఇచ్చిన అప్పీలు మార్గాన వెళ్ళండి. ఉమ్మడిగా నమోదైన కమతాలను అక్కచెల్లెళ్ళ భాగాలతో సహా విడగొట్టించుకోండి. ఇదివరకే గెనిమ జరిపినవారు, ఇప్పుడే, ఈ దుక్కి కాలంలోనే, పొరుగువానిని పిలిచి తిరిగి పాత చోట వేయండి. ఇన్నేళ్ళ పంటకు క్షమాపణ అడగండి, అతను పరిహారం కోరితే ఇవ్వండి. తోటి మనిషి హక్కు విషయంలో పశ్చాత్తాపానికి నమాజు, ఉపవాసాలు మాత్రమే చాలవు, హక్కును తిరిగి అప్పగించాలి. హక్కుదారుడు మరణించి ఉంటే అతని వారసులకు చేర్చండి. ఆ పొరుగువాడు హిందువైనా, క్రైస్తవుడైనా ఈ ఆదేశం మారదు. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదని ప్రవక్త (స) హెచ్చరించినప్పుడు ఆ పీడితుని మతమేదని చెప్పలేదు.

చివరకు మనలో ప్రతి ఒక్కరికీ దక్కే నేల ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. దానికి పట్టా లేదు, పాసు పుస్తకం లేదు. అక్కడికి మనతో వచ్చేది మన ఆచరణ మాత్రమే. ఆ నేల మనకు విశాలం కావాలంటే, ఈ నేల మీద ఇతరుల హద్దును ఇరుకు చేయకుండా బ్రతకాలి.

ఓ అల్లాహ్! మా నేలకు సకాలంలో వర్షాన్ని ప్రసాదించు. మా చెరువులను, మా బావులను నింపు. మా పంటలలో బర్కత్ నొసంగు. మా సంపాదనను హలాల్ చేయి. మా చేతులను ఇతరుల హద్దుల నుండి, మా నాలుకలను అబద్ధపు సాక్ష్యం నుండి కాపాడు. మా ఆడబిడ్డల హక్కులను చెల్లించే ధైర్యాన్ని మాకు ఇవ్వు. నేల కొరకు విడిపోయిన సోదరులను నీ కొరకు కలుపు. మా దేశంలో శాంతిని, న్యాయాన్ని నిలుపు. మా తల్లిదండ్రులను, మా మృతులను క్షమించి వారి సమాధులను విశాలం చేయి. మా మొరలను ఆలకించు. ఆమీన్.